పెళ్లి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు చేతులెత్తండి: అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు ఒక ఫ్లాట్ ఓనరు బహిరంగ లేఖ

అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన నెల రెండో ఆదివారం మన సెల్లారులో జరిగిన జనరల్ బాడీ మీటింగుకు నేనూ వచ్చాను. ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, ఎజెండాలో నాలుగు అంశాలు పెట్టారు. లిఫ్టు మరమ్మతు మీద గంటసేపు కొట్లాడుకున్నాం. బోరు మోటారు మీద అరగంట. వినాయక చవితి చందా ఇంటికి రెండు వేలా, రెండున్నర వేలా అన్నదాని మీద ఇంకో ఇరవై నిమిషాలు. నాలుగోది మాత్రం అయిదు నిమిషాల్లో తేలిపోయింది. జంటగా కిరాయికి ఉండేవాళ్లు పెళ్లి సర్టిఫికెట్ జిరాక్స్ ఇవ్వాలి, ఇవ్వలేకపోతే నెలలోపు ఖాళీ చేయాలి, చేయించని ఓనరు నెలకు అయిదు వేల జరిమానా మెయింటెనెన్స్‌తో కలిపి కట్టాలి. చేతులు లేచాయి, సమోసాలు వచ్చాయి.

ఆ లేచిన చేతుల్లో నాది లేదు. ఎత్తనివాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. మినిట్స్ బుక్కులో మాత్రం ‘ఏకగ్రీవం’ అని రాశారు.

ఆ అంశం ఎవరి కోసం పెట్టారో అక్కడున్న అందరికీ తెలుసు. 302లో నేనుంటాను, 304 కూడా నాదే. మా సారు రిటైరైనప్పుడు వచ్చిన పైసలకు నా గ్రాట్యుటీ కలిపి కొన్నాం. ఆయన పోయాక దాని కిరాయితోనే నా మందుల ఖర్చు, మెయింటెనెన్స్ గడుస్తున్నాయి. ఏడాదిగా అందులో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఉంటున్నారు. వాళ్లకు పెళ్లి కాలేదు. ఆ సంగతి వాళ్లు నాకు మొదటి రోజే చెప్పారు.

ఇది మన కాంపౌండ్ గోడ లోపలే మాట్లాడుకుందాం అమ్మా అని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. అట్లాగే అనుకున్నాను. కానీ ఈ తీర్మానం కాపీ పక్క రెండు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వెళ్లిందని, వాళ్లూ ఇట్లాంటిదే పెట్టుకుంటారని విన్నాక, అందరూ చదివేలాగే రాయాలనిపించింది.

ముందు ఒక ప్రశ్న. ఆరోజు మీటింగుకు వచ్చిన ముప్పై మందిలో పెళ్లి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఎంతమంది? పెళ్లి ఆల్బం కాదు, శుభలేఖ కాదు, రిజిస్ట్రారు సంతకం, సీలు ఉన్న కాగితం. అమెరికాకో ఆస్ట్రేలియాకో పిల్లలు పోయిన ఇళ్లల్లో వీసా కోసం తీసి ఉంటారు. మిగతావాళ్లు బీరువా తెరిచి చూసుకోండి.

నేను 1983లో రిజిస్ట్రేషన్ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. 2018లో సబ్ రిజిస్ట్రారుగా రిటైరయ్యాను. ఆ 35 ఏళ్లలో ఎన్ని పెళ్లిళ్లు రిజిస్టర్ చేశానో నాకే లెక్క లేదు. నా పెళ్లి మాత్రం రిజిస్టర్ చేయించుకోలేదు. 1984లో యాదగిరిగుట్ట మీద అయింది, మా మేనమామ జేబులోంచి దేవస్థానం రసీదు ఎక్కడో జారిపోయింది, అంతే. ఇల్లు కొన్నప్పుడు ఎవరూ అడగలేదు. పిల్లల్ని బడిలో వేసినప్పుడు అడగలేదు. మా సారు పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా ఆయన బతికుండగా ఇచ్చిన జాయింట్ ఫొటో సరిపోయింది. ఇన్నేళ్లకు మొదటిసారి ఆ కాగితం అడిగింది మన కమిటీయే. అదీ నన్ను కాదు, నా ఇంట్లో ఉండేవాళ్లను. నేనే కిరాయికి ఉన్నదాన్నయితే, మా సారే బతికి ఉంటే, మీ తీర్మానం ప్రకారం మా ఇద్దరికీ నెల రోజుల గడువు.

నవ్వులాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల తప్పనిసరి నమోదు చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు కూడా అన్ని రాష్ట్రాలూ పెళ్లిళ్లు నమోదు చేయాలంది. మంచిదే, ఆడవాళ్లకు రక్షణ. కానీ నమోదు చేయకపోతే పెళ్లి చెల్లదని ఎవరూ అనలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనే ఆ మాట స్పష్టంగా ఉంది. రెండో వైపు కూడా వినండి. ఏ తంతూ లేకుండా ఉట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్న జంటకు అసలు పెళ్లే కాలేదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే కాగితం లేకపోయినా పెళ్లి ఉండొచ్చు, కాగితం ఉన్నా పెళ్లి లేకపోవచ్చు. మా ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకే ఒక్కోసారి తల తిరిగే విషయం ఇది. మీరు దీన్ని గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పెట్టారు.

వాచ్‌మన్ అంటే గుర్తొచ్చింది. అతనూ అతని ఇంటామె సెల్లారు గదిలో ఆరేళ్లుగా ఉంటున్నారు. వాళ్ల పెళ్లి కాగితం మనలో ఎవరైనా అడిగామా? ఎందుకడుగుతాం, పొద్దున్నే మోటారు వేసి, కార్లు తుడిచి, చెత్త తీస్తే చాలు మనకు. మా నల్గొండ వైపు ఊళ్లలో మారుమనువు మామూలు. మొగుడు పోయినామె, విడిపోయినామె, కులపెద్దల ముందు ఒక చీర, నాలుగు మాటలు, అయిపోతుంది. పంతులు రాడు, రిజిస్ట్రారు రాడు. ఊరు ఒప్పుకుంది, కలిసి బతికారు. పట్నం వచ్చి ఫ్లాట్లు కొనుక్కున్నాక మనకు కాగితం మీద ఇంత భక్తి ఎక్కడి నుంచి వచ్చిందో!

304 వాళ్ల సంగతి చెబుతాను. నేను ఫ్లాట్ ఖాళీగా ఉందని టులెట్ బోర్డు పెడితే బ్రోకరు వెంట ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. వంటగదిలో కొళాయి తిప్పి చూసింది, బాల్కనీలో బట్టలారేసుకునే తీగ ఉందా అని అడిగింది. బ్రోకరు ఫోన్ మాట్లాడటానికి బయటికి పోగానే, ‘ఆంటీ, మేమిద్దరం ఉంటాం, మాకు పెళ్లి కాలేదు, ముందే చెబుతున్నా’ అంది. చెప్పేసి చెప్పులేసుకోబోయింది. నేను వద్దంటానని ఆ పిల్లకు అంత నమ్మకం. అప్పటికి పదకొండు ఇళ్లు చూశారట. ‘మీరు చెప్పకండి మేడమ్, కోఠిలో నల్లపూసలు దొరుకుతాయి, రెండు మెట్టెలు పెట్టుకోండి, ఎవరడుగుతారు’ అని బ్రోకరు సలహా ఇచ్చాడట. ఒక ఫ్లాట్ కోసం నల్లపూసలు కొన్నది కూడా. హ్యాండ్‌బ్యాగులోంచి తీసి చూపించింది. చిన్న ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి, ధర చీటీ కూడా తీయలేదు. ‘వేసుకోలేకపోయానాంటీ, మా అమ్మ గుర్తొచ్చింది’ అంది.

ఎందుకు పెళ్లి చేసుకోలేదని అడగాలనిపించలేదంటే అబద్ధమాడినట్టు. నోటి చివరి దాకా వచ్చింది. నా సొంత కూతురు ఇట్లా ఉంటానంటే రెండు పూటలు అన్నం మానేసేదాన్నేమో. కానీ ఆ పిల్ల నా కూతురు కాదు, కిరాయికి ఇల్లు చూడటానికి వచ్చిన మనిషి. కాబట్టి ఓనరుగా అడగాల్సినవే అడిగాను. ఎక్కడ పనిచేస్తారు, కిరాయి అయిదో తారీకులోపు వేస్తారా, ఆధార్ కాపీలు ఇస్తారా, పోలీసు వెరిఫికేషన్‌కు అభ్యంతరం ఉందా. అన్నిటికీ సరేనంది. అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయించాను. ఏడాదిలో ఒక్క నెల కూడా కిరాయి ఆలస్యం కాలేదు. వాళ్ల మీద మన కంప్లైంట్ బుక్కులో ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. బైకు విజిటర్ పార్కింగ్‌లో పెట్టారని. అది నిజమే, నేనే తీయించాను.

మీటింగులో ఒక పెద్దమనిషి ‘ఇది ఫ్యామిలీ అపార్ట్‌మెంటమ్మా’ అన్నారు. ఆయనంటే నాకు గౌరవమే. అయితే మన బ్లాకులోనే ఒక ఫ్లాట్‌లో నిరుడు ఎండాకాలమంతా అర్ధరాత్రి గిన్నెలు గోడకు తగిలిన చప్పుడు వినని వాళ్లు లేరు. ఆ ఇల్లాలు దవడ మీద కమిలిన మచ్చతో లిఫ్టులో నాతో పాటే దిగింది. కమిటీని కదిలిస్తే ‘అది భార్యాభర్తల విషయం, మనమెట్లా జోక్యం చేసుకుంటాం’ అన్నారు. తాళి ఉన్న ఇంట్లో దెబ్బలు పడుతుంటే అది వాళ్ల సొంత విషయం. తాళి లేని ఇంట్లో ఇద్దరు అన్నం వండుకుని తింటే అది నలభై ఫ్లాట్ల విషయం. ఈ లెక్క నాకు ఎన్నిసార్లు వేసినా తేలలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. ‘అసలు అట్లా ఉండటమే ఇల్లీగల్’ అని ఒకాయన గట్టిగా అన్నారు, నలుగురు తలలూపారు. తప్పు. వయసొచ్చిన ఆడా మగా ఇష్టపడి కలిసి ఉండటం కొందరికి నచ్చకపోవచ్చు గానీ నేరం కాదని సుప్రీంకోర్టు 2006లోనే లతాసింగ్ కేసులో చెప్పింది. 2010లో, మనందరికీ తెలిసిన నటి ఖుష్బూ మీద పెట్టిన కేసులన్నీ కొట్టేస్తూ మళ్లీ అదే చెప్పింది. 2018లో కేరళ నుంచి వచ్చిన కేసులో అబ్బాయికి పెళ్లి వయసు 21 నిండలేదు. అయినా ఇద్దరూ మేజర్లు కాబట్టి పెళ్లి లేకుండానైనా కలిసి ఉండే హక్కుందని అంది. కోయంబత్తూరులో పెళ్లికాని జంటకు గది ఇచ్చారని అధికారులు ఒక లాడ్జికి సీలు వేస్తే, అట్లా ఉండకూడదనే చట్టం ఏదీ లేదని 2019లో మద్రాసు హైకోర్టు ఆ సీలు తీయించింది. రెండు రోజులుండే లాడ్జికే ఆ మాట వర్తిస్తే, ఏడాది అగ్రిమెంటు రాసుకుని కిరాయి కట్టే ఇంటి సంగతి చెప్పాలా?

ఇంకొకరు ఉత్తరాఖండ్ పేరెత్తారు. అక్కడ ఉమ్మడి పౌరస్మృతి 2025 జనవరి 27 నుంచి అమల్లో ఉంది. కలిసి ఉండేవాళ్లు నెలలోపు నమోదు చేసుకోవాలి, లేకపోతే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మనుషుల పడకగదిని ఇట్లా రిజిస్టర్లోకి ఎక్కించడం నాకు ఇష్టం లేదు. నా ఉద్యోగమంతా రిజిస్టర్ల మధ్యే గడిచినా ఇష్టం లేదు. అయినా ఆ చట్టం కూడా వాళ్లను నమోదు చేసుకోమంది గానీ, నమోదైనవాళ్లకు ఇల్లివ్వొద్దనలేదు. పైగా అది అక్కడి చట్టం. మన తెలంగాణలో అట్లాంటిది లేదు.

నిజాయితీగా మీ వైపు ఉన్నది కూడా చెప్పాలి. తన ఇల్లు పెళ్లికానివాళ్లకు ఇవ్వనని ఒక ఓనరు అంటే, తప్పనిసరిగా ఇవ్వాలని చెప్పే చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగంలోని వివక్ష వద్దన్న మాట ముఖ్యంగా ప్రభుత్వానికి వర్తిస్తుంది గానీ ఓనరుకు కాదు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా కిరాయి చట్టంలో అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించొద్దని ఉంది గానీ, ఎవరికి ఇల్లు కాదనకూడదో ఒక్క ముక్క లేదు. ఇల్లు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు పార్శీలే అయ్యుండాలన్న అహ్మదాబాద్ హౌసింగ్ సొసైటీ నియమాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది కూడా. కాబట్టి 201 వాళ్లో 405 వాళ్లో తమ ఫ్లాట్ ఇవ్వకపోతే నేను ఏమీ అనలేను. అది వాళ్లిష్టం.

కానీ నా ఫ్లాట్ ఎవరికివ్వాలో మీరు చెప్పడం వేరే సంగతి. మనది సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదైన సంఘం. దాని నియమావళి, అదే బైలాస్, రాసిన రోజు నేనూ ఉన్నాను, తెలుగు కాపీ నేనే సరిదిద్దాను. లిఫ్టు, నీళ్లు, డ్రైనేజీ, మెట్ల లైట్లు, వాచ్‌మన్ జీతం, పార్కింగ్, పండగలు. వీటి కోసం పెట్టుకున్న సంఘం. కిరాయిదారుల మెడ చూసి నల్లపూసలున్నాయా అని తనిఖీ చేసే అధికారం ఏ పేజీలోనూ లేదు. నెలకు అయిదు వేల జరిమానా అసలే లేదు.

మీటింగు అయిపోయి అందరూ లేస్తుంటే ఒక కుర్రాయన, పేరు రాయను, ‘నీళ్ల వాల్వు తిప్పేస్తే వాళ్లే పోతారంకుల్’ అన్నాడు. కొందరు నవ్వారు. నీళ్లు, కరెంటు ఆపి కిరాయిదారును వెళ్లగొట్టడాన్ని ఇప్పటి కిరాయి చట్టం గానీ, ఆ కొత్త నమూనా చట్టం గానీ ఒప్పుకోదు. ఆ వాల్వు తిప్పితే నాకూ నీళ్లు రావు, ఒకే పైపు. అప్పుడు ఫిర్యాదు నేనే రాస్తాను, రాతకోతలు నాకు అలవాటే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే ఉంది. మీ నిబంధన వల్ల సహజీవనాలు ఆగవు, అబద్ధాలు పెరుగుతాయి. ఆ అబద్ధం చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో నేను చూశాను.

నాలుగేళ్ల కింద మా దూరపు చుట్టాలమ్మాయి ఇట్లాగే నగరంలో ఇంకో మూల ఒక ఫ్లాట్‌లో మూడేళ్లు ఉంది. అక్కడి అసోసియేషన్ కూడా పెళ్లికానివాళ్లు వద్దంటుంది కాబట్టి, అగ్రిమెంటు అబ్బాయి పేరు మీదే రాయించారు. గేటు రిజిస్టర్లో ఈమెను ‘సిస్టర్’ అని రాశారు. కరెంటు బిల్లు ఓనరుది, గ్యాసు అబ్బాయిది, మెయింటెనెన్స్ రసీదు అబ్బాయిది. కిరాయిలో సగం ఈ పిల్ల ఇచ్చేది, అది కూడా చేతికి. ఒక శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి తాళం మారింది. అతను వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈమె సామాన్లు వాచ్‌మన్ గదిలో రెండు బియ్యం సంచుల్లో ఉన్నాయి. ఆ సంచులతో మా ఇంటికే వచ్చింది. ఒకదాంట్లో ప్రెషర్ కుక్కర్, దానిలో మూత లేకుండా కారం డబ్బా. బట్టలన్నిటికీ కారం అంటుకుంది. ఆ రాత్రి మేమిద్దరం బాత్రూంలో కూర్చుని బట్టలు జాడిస్తూనే ఉన్నాం, తుమ్ముతూనే ఉన్నాం. ఏడుపుకూ కారానికీ తేడా తెలియలేదు.

వకీలు దగ్గరికి తీసుకుపోయాను. గృహహింస నిరోధక చట్టం 2005 పెళ్లి లాంటి బంధంలో ఉన్న ఆడవాళ్లకూ వర్తిస్తుంది. అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉన్నా, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంటుంది. కోర్టు ఆ ఇంట్లోనే ఉండనివ్వమని చెప్పొచ్చు, లేదా వేరే ఇంటి కిరాయి కట్టమని అతనికి చెప్పొచ్చు. చట్టం ఇంతవరకు బాగానే ఉంది. కానీ పెళ్లి లాంటి బంధం అని ఎప్పుడనాలో 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు కొన్ని షరతులు పెట్టింది. ఇద్దరికీ పెళ్లి వయసు నిండి ఉండాలి, పెళ్లికి చట్టపరంగా అడ్డు ఉండకూడదు, చెప్పుకోదగ్గంత కాలం కలిసి ఉండాలి. ఇంకొకటి, లోకం ముందు ఆలుమగల్లా మెలిగి ఉండాలి.

లోకం ముందు! ఆ పిల్ల లోకం గేటు రిజిస్టరే. అందులో ఆమె చెల్లెలు. వకీలు గారు కళ్లద్దాలు తీసి, ‘ఇది మీ చేత్తో రాసిందేనా తల్లీ’ అని అడిగారు. ఆమె చేతిరాతే. కేసు వేయలేదు. ఏ మొహం పెట్టుకుని వేస్తానంది.

కోర్టు నలుగురి ముందు జంటగా కనిపించమంటుంది. మీరేమో నలుగురికీ కనిపించొద్దంటారు. ఈ రెండిటి మధ్య నలిగేది ఆడపిల్లే. 304 అగ్రిమెంటులో నేను ఇద్దరి పేర్లూ రాయించింది అందుకే, ప్రేమ ఎక్కువై కాదు. రేపు వాళ్లు విడిపోతే, ఎవరు ఎన్నాళ్లున్నారో, ఎవరి అడ్వాన్సు ఎంతో తెల్లకాగితం మీద ఉంటుంది. మీరు నిజంగా ఆడపిల్లల క్షేమం కోసమే చేస్తున్నామంటే, అడగాల్సిన కాగితం అది.

కిరాయిదారు చనిపోతే మిగిలినవాళ్ల గతి ఇంకా అన్యాయం. మన కిరాయి నియంత్రణ చట్టం 1960 నాటిది. చనిపోయిన కిరాయిదారు స్థానంలో భార్యనో భర్తనో, అదే ఇంట్లో ఉంటున్న పిల్లలనో గుర్తిస్తుంది. సహజీవనం చేసిన మనిషి పేరు అందులో లేదు. దాని గురించి మిమ్మల్ని అడిగి లాభం లేదు, అది శాసనసభ పని.

పెళ్లి చేసుకోవచ్చు కదా, గొడవే ఉండదు అంటారు. చేసుకోవాలనుకునేవాళ్ల బాధ మా ఆఫీసు నోటీసు బోర్డుకు తెలుసు. వేర్వేరు మతాలవాళ్లు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టుకుంటారు. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అంతకుముందు 30 రోజులు ఉండి ఉండాలి. ఆపైన నోటీసు బోర్డుకు పెట్టి ఇంకో 30 రోజులు ఆగాలి. సొంతూరు వేరే జిల్లా అయితే అక్కడి ఆఫీసుకూ కాపీ పంపిస్తాం, వాళ్లూ గోడకు అతికిస్తారు. అంటే ఇంట్లో తెలియకూడదని పట్నం వచ్చినవాళ్ల ఫొటోలు, అడ్రసు వాళ్ల ఊరి గోడ మీద. మా బోర్డుకు అద్దం పగిలిపోయి ఉండేది, పిన్నులకు తుప్పు. ఒకసారి ఒక తండ్రి ఆ కాగితం ముందు నిలబడి కూతురి పేరును వేలితో తడుముతూ చదివాడు. నన్నేమీ అడగలేదు, నాలుగు సార్లు చదివి వెళ్లిపోయాడు. ఆ వేలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ పిల్ల ఆ నెల రోజులూ ఎక్కడ తల దాచుకుందో రాయడానికి మా ఫారంలో కాలమ్ లేదు. పెళ్లి కావాలంటే ముందు అడ్రసు కావాలి. అడ్రసు కావాలంటే మీకు పెళ్లి కావాలి.

ఇక పెళ్లి చేసుకుంటామన్నా వీలులేనివాళ్లు ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. 2018లో అది నేరం కాదన్నారు. 2023 అక్టోబరులో మాత్రం పెళ్లి హక్కు ఇవ్వడం కోర్టు చేతిలో లేదని సుప్రీంకోర్టు చెప్పేసింది. వాళ్లు జన్మలో ఆ సర్టిఫికెట్ తేలేరు. మీ తీర్మానం వాళ్లను ‘బ్యాచిలర్స్’ అనే డబ్బాలో పడేస్తుంది. అది వేరే డబ్బా, వేరే గోల, బ్యాచిలర్లకు ఇల్లు దొరకని కథ హైదరాబాద్‌లో అందరికీ తెలిసిందే. కుటుంబమంటే భార్య, భర్త, పిల్లలే కాదు, పెళ్లి లేకుండా కలిసి ఉండేవాళ్లూ కావచ్చని అదే కోర్టు 2022లో ఒక నర్సు ప్రసూతి సెలవు కేసులో రాసింది. ఒక తల్లి సెలవు తగాదాలో అంత పెద్ద మాట ఎందుకు రాశారా అనుకున్నాను అప్పట్లో. మన మీటింగు చూశాక అర్థమైంది.

పిల్లలు చెడిపోతారన్నారు. మన బ్లాకు పిల్లలకు 304 అబ్బాయి సాయంత్రాలు లెక్కలు చెబుతున్నాడు, పైసలు తీసుకోకుండా. వాళ్లలో కోశాధికారి గారి మనవడూ ఉన్నాడు. తీర్మానం అయ్యాక కూడా వస్తూనే ఉన్నాడు, ఆపకండి, పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఫ్లాట్ల ధర పడిపోతుందన్నారు. మూడు నెలలుగా లిఫ్టు ఆగిపోయి ఉంటే పడని ధర దీంతో పడుతుందా?

నేను అడిగేవి పెద్దవి కావు. ఆ నాలుగో తీర్మానాన్ని వెనక్కి తీసుకోండి. కిరాయిదారులందరి దగ్గరా, పెళ్లయినవాళ్లయినా కానివాళ్లయినా, ఒకే రకం కాగితాలు తీసుకోండి: ఆధార్, అగ్రిమెంటు, పోలీసు వెరిఫికేషన్. గేటు రిజిస్టర్లో ‘సంబంధం’ అని ఉన్న గడి కొట్టేయండి, పేరు, ఫ్లాట్ నంబరు చాలు. గొడవ చేసినా, చెత్త పారేసినా, రాత్రి పాటలు పెట్టినా నోటీసివ్వండి, 304కైనా ఇవ్వండి, నేనే తీసుకెళ్లి చేతికిస్తాను.

ఈ నెల మెయింటెనెన్స్ ఎప్పటిలాగే అయిదో తారీకున వేశాను. అయిదు వేల జరిమానా కట్టలేదు, కట్టను. 304 వాళ్లను ఖాళీ చేయమని చెప్పలేదు. అగ్రిమెంటు వచ్చే మార్చి దాకా ఉంది, వాళ్లు ఉంటామంటే ఇంకో ఏడాది రాసిస్తాను. మీ నోటీసు వాళ్ల తలుపు సందులోంచి తోశారట. ఆ అమ్మాయి తెచ్చి నా చేతిలో పెట్టి, ‘మేమే వెళ్లిపోతామాంటీ, మీకెందుకు టెన్షన్’ అంది. నల్లపూసలు ఇంకా ఉన్నాయా అని అడిగాను. ఆ ధర చీటీతోనే డ్రాయరులో పడి ఉన్నాయంది.

వచ్చే నెల రెండో ఆదివారం మీటింగులో ఆ అంశం మళ్లీ ఎజెండాలో పెట్టండి. ఈసారి చేతులు లేపినవాళ్లతో పాటు లేపనివాళ్లను కూడా లెక్కపెట్టి రాయండి. లిఫ్టు అప్పటికి బాగు కాకపోతే నేను పావుగంట ముందే మెట్లు దిగడం మొదలుపెడతాను. నాకు ముందు వరుసలో ఒక కుర్చీ ఉంచండి.

ఇట్లు,
ఫ్లాట్ నంబర్ 302, 304 ఓనరు,
రిటైర్డ్ సబ్ రిజిస్ట్రారు,
హైదరాబాద్